ఎర్ర జెన్‌లో ముందు సీటు

రాజమండ్రి,
14 జూన్ 2003

అత్తయ్యకు నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేంటా అని కంగారు పడకండి. మీ ఇంట్లో ఫోన్ మావయ్యగారి పడక్కుర్చీ పక్కనే ఉంటుంది. నేను చెప్పబోయేది ముందు మీ చెవిన పడాలి, తర్వాత మావయ్యగారి చెవిన, ఆఖర్న నాన్న చెవిన. ఈ వరస తప్పిందంటే నా పని అయిపోయినట్టే.

నేను కారు కొనుక్కుంటున్నాను.

కొత్తది కాదు. తొంభై ఆరు మోడల్ జెన్. ఎర్ర రంగు. కాకినాడలో మెడిసిన్ చదివిన ఒకబ్బాయి దాన్ని ముద్దుగా పెంచుకున్నాడు. వెడల్పాటి టైర్లు, మెరిసే చక్రాలు, వెనక డిక్కీ మీద చిన్న రెక్కలాంటిది, మార్పించిన సైలెన్సరు. స్టార్ట్ చేస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. ఇప్పుడు పై చదువుకి ఢిల్లీ వెళ్తూ అమ్మేస్తున్నాడు. ఇన్ని వేషాలున్న బండిని సంసారులెవరూ కొనరు కాబట్టి చవగ్గా వస్తోంది. కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న జీతం సరిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

అవసరమా అంటే, కాలేజీ హైవే మీద ఉంది, బస్సు దొరకదు, ఇలాంటివన్నీ చెప్పగలను. మీ దగ్గర అబద్ధం ఎందుకు? ఇష్టం. అంతే. చూడగానే నాదనిపించింది. డ్రైవింగ్ వేసవిలోనే నేర్చుకున్నాను. లైసెన్సు కూడా ఉంది.

నాన్న ఏమంటారో మీకు తెలుసు. "ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుని రాజమండ్రి వీధులన్నీ తిరుగుతుంటే భీమవరంలో నేను తలెక్కడ పెట్టుకోను?" అంటారు. మీరు చెబితే వింటారు. ఇక మన ఇళ్ళల్లో ఎవరు బండి కొన్నా మావయ్యగారు తోలి చూసి సరే అనాలి కదా. ఆయన్ని ఒక్కసారి పంపించండి.

మీ మేనకోడలు,
శ్రీసత్య


ఉండి,
20 జూన్ 2003

సత్యమ్మను ఆశీర్వదించి అత్త సూర్యకాంతమ్మ రాయునది.

కారు కొనేది నువ్వు, కళ్ళు తిరిగింది నాకు. వెనక రెక్క ఎందుకే? ఎగురుతుందా?

మీ నాన్న సంగతి వదిలెయ్. శ్రీనివాసరాజు ఊరికి పెద్దమనిషైనా నాకు తమ్ముడే. మీసాలు రాకముందు మీ మావయ్యగారి అంబాసిడర్‌ని దొంగతనంగా తీసి గడ్డిమేటులోకి ఎక్కించిన ఘనుడు. ఆ సంగతి మీ అమ్మకి ఇంతవరకు తెలీదు. ఫోన్‌లో "గడ్డిమేటు" అని ఒక్క మాట అన్నాను. "అక్కా, దాని ఇష్టం" అన్నాడు.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా కారుకి మూడు వైపులా తెరలు కట్టేవాళ్ళు. మన ఇళ్ళల్లో ఘోషా అలా ఉండేది. భీమవరం అంతా ఆ తెరల సందులోంచే చూశాను. ఇప్పటికీ ఆ ఊరు నాకు నిలువుగా, సన్నగానే గుర్తు. ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు, మంచిదే. అయినా మన పిల్ల బండి మరీ బోసిగా తిరగడం నాకు నచ్చదు. వెనక అద్దాలకైనా తెరలు కుట్టించి పంపుతాను. కొలతలు రాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటావేమో, అనుకో.

మీ మావయ్యగారు వస్తారు. బస్సులో వస్తారు. మా కారు రిపేరుకని నేనే షెడ్డుకి పంపేశాను. పగటి పూటే పని ముగించి, చీకటి పడకముందే బస్సెక్కించెయ్. ఎందుకని అడక్కు. పెద్దవాళ్ళు చెప్పే ప్రతి మాటకీ కారణం ఉండదు.

అత్త


రాజమండ్రి,
1 జూలై 2003

అత్తయ్యా, కొనేశాను!

మావయ్యగారు బస్సు దిగి కాఫీ అయినా తాగలేదు, బండి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ప్రతి తలుపూ తీసి, వేసి, ఆ చప్పుడు విన్నారు. టైర్లు వేళ్ళతో తడిమారు. అమ్మే అబ్బాయి పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. "ఇంజను ఆరోగ్యంగా ఉందండి. ఎడం పక్క వెనక తలుపు ఒకసారి ఊడదీసి బిగించారు. ఏం, ఎక్కడైనా గుద్దేరా బాబూ?" అన్నారు. అబ్బాయి తల దించుకుని, స్తంభాన్నండీ అన్నాడు.

రంగు ఎలా ఉందండీ అని అడిగాను. "రంగుదేముందమ్మా, కడిగితే అన్నీ బాగుంటాయి" అన్నారు.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను. తోలి చూడండి అని తాళాలిస్తే, వాటిని మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "నువ్వు తోలు, నేను వింటాను" అన్నారు. అత్తయ్యా, మావయ్యగారు! నాన్న తోలుతుంటేనే పక్కన కూర్చోని మనిషి, నా పక్కన కూర్చుని ధవళేశ్వరం దాకా వచ్చారు. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజను చప్పుడు బట్టి చెప్పారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయనే నా చేతికి స్టీరింగ్ ఇచ్చాక ఇంక ఎవరి సర్టిఫికెట్టూ నాకక్కర్లేదు.

మా ఇంటి ముందు దిగుతూ మాత్రం మోకాలు కొట్టుకున్నారు. "ఈ మెట్టు ఇక్కడెవడు పెట్టేడు?" అని కేకలేశారు. మెట్టు పాపం ఎప్పటినుంచో అక్కడే ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మీరు చెప్పినట్టే ఎండ ఉండగానే బస్సెక్కించాను.

అద్దాల కొలతలు వెనక పేజీలో రాశాను.

మీ సత్య


ఉండి,
9 జూలై 2003

చిరంజీవి సత్యకు,

తెరలు పార్శిల్ చేశాను. మెరూన్ శాటిన్, అంచుకి జరీ. అన్నవరం తీసుకెళ్ళి సత్యనారాయణస్వామి దగ్గర పూజ చేయించే ముందే కట్టించు.

ఆయన మోకాలికి పట్టు వేశాను. వాపు తగ్గింది. నీ బండి గురించి వీధిలో అందరికీ చెప్పుకుంటున్నారు, పిల్ల బాగా తోలుతోందని.

ఇంకొక్క సంగతి. డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? యాభై దాటినవాళ్ళకి కూడా లైసెన్సు ఇస్తారా? పక్కింటి సంపూర్ణమ్మ అడుగుతోంది.

అత్త


రాజమండ్రి,
3 ఆగస్టు 2003

అత్తయ్యా,

బండి అమ్మేస్తున్నాను.

అన్నవరంలో పూజ బాగానే జరిగింది. బంతిపూల దండ వేశారు, బొట్లు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. మీ తెరలు చూసి పంతులుగారు కూడా మెచ్చుకున్నారు. తర్వాత బండి వెనక్కి తీయాలి. తెరలు వేసి ఉన్నాయి, వెనక ఏమీ కనపడటం లేదు. పక్కకి జరపొచ్చు. కానీ మీరు అంత మనసుపడి కుట్టించారు, స్వామి ముందు తీయబుద్ధి కాలేదు. పక్క అద్దాల్లో కనిపించినంత చూసుకుని వెనక్కి తీశాను. కొబ్బరికాయల కొట్టులోకి వెళ్ళిపోయాను.

కాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. భక్తులు గెంతుతున్నారు. కొట్టు ఆవిడ పేరు తలుపులమ్మ. నడుం మీద చేతులు పెట్టుకుని, "పెళ్ళికూతురి పల్లకీ అనుకున్నానండి అమ్మాయిగోరూ! తెరలేసుకుని ఎనక్కెవరైనా తోల్తారేంటండి?" అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. పగిలినవాటికి డబ్బులిచ్చేశాను.

నాకు నవ్వు రాలేదు. ఆ కొట్టు పక్కనే, నేల మీద, ఆవిడ తల్లి కూర్చుని పూలు గుచ్చుతోంది. ఇంకొంచెం పక్కకి తిరిగి ఉంటే నేను గుద్దేది కొబ్బరికాయల్ని కాదు. ఆవిడ తలెత్తి నన్ను చూసిన చూపు ఇంకా పోవడం లేదు. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. అప్పట్నుంచి బండి మీద గుడ్డ కప్పి, బస్సులో వెళ్తున్నాను. ధైర్యం లేనివాళ్ళకి కారెందుకండీ? నాన్న అంటారనుకున్న మాటే నిజమేమో.

సత్య


ఉండి,
9 ఆగస్టు 2003

సత్యా,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు ఇది విను: కారు అమ్మకు.

తప్పు నాది. ఇన్నేళ్ళు వెనక సీట్లో కూర్చున్నదాన్ని, తోలేవాళ్ళు వెనక్కి కూడా చూడాలని నాకెలా తెలుస్తుంది? ఆ తెరలు విప్పేసి దిండ్లకి గలీబులు కుట్టించుకో. శాటిన్ మంచిదే.

నీకు వెనకున్నది కనపడక గుద్దావు. మీ మావయ్యగారికి ముందున్నదే కనపడటం లేదు.

షుగరు. కంటి లోపల రక్తనాళాలు చెడిపోతున్నాయని భీమవరం డాక్టరుగారు కిందటేడే చెప్పారట. పోయిన చూపు రాదు గానీ, ఆలస్యం చేయకుండా లేజరు పెట్టించుకుంటే ఉన్నది నిలబడుతుందని, రాజమండ్రి కంటాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చారు. ఆయన ఇంటికొచ్చి "కళ్ళజోడు మార్చమన్నాడు" అని ఊరుకున్నారు. తర్వాత ఒక పెళ్ళిలో డాక్టరుగారి భార్య "రాజమండ్రి వెళ్ళొచ్చారాండీ?" అని అడిగితే నాకు తెలిసింది. నేను ఎత్తితే మాట మార్చేస్తారు. ఆసుపత్రికి వెళ్తే కారు తోలొద్దంటారని ఆయన భయం. తోలడం మానేస్తే తను తను కాదనుకుంటారు.

కిందటి చలికాలం ఆకివీడు నుంచి వస్తున్నాం. పొద్దు వాలింది. కాలవ గట్టు మీద ఎదురుగా గేదెల మంద. ఆయన హారన్ కొట్టలేదు, బ్రేకు వేయలేదు. నేను వెనక నుంచి కేక పెట్టాను. బండి గట్టు అంచుకి వెళ్ళి ఆగింది. కింద నీళ్ళు. "గేదెలు అడ్డొచ్చేయి" అన్నారు. అడ్డు రాలేదు సత్యా. అవి మొదట్నుంచీ దారిలోనే ఉన్నాయి.

మర్నాటి నుంచి నడుం నొప్పి వంక పెట్టి ముందు సీట్లోకి మారాను. దారి పొడుగునా వాగుతూనే ఉంటాను. "అయ్యో, ఎడం పక్క ఆ సైకిలాయన తడిసిపోతున్నాడండి." "ఎదురొచ్చే లారీకి పువ్వులెంత బాగా వేశారో చూడండి." "అప్పుడే వంతెన వచ్చేసిందే!" ఆయన "ఎందుకే ఆ వాగుడు?" అని విసుక్కుంటారు. విసుక్కుంటూనే చక్రం తిప్పుతారు. నేను ఎందుకు వాగుతున్నానో ఆయనకి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఇలా ఎన్నాళ్ళు నెట్టుకొస్తాను? ఏదో ఒకరోజు నా నోటికన్నా ముందు ఏ పసిబిడ్డో అడ్డొస్తే? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

డ్రైవర్ని పెడదామంటే ఇంట్లోకి రానివ్వరు. ఇక మిగిలింది నేను. డ్రైవింగ్ సంగతి అడిగింది సంపూర్ణమ్మ కాదు, నేనే. నాకు నేర్పు. భయం ఎలా ఉంటుందో నీకిప్పుడు తెలిసింది కాబట్టి నీకన్నా మంచి గురువు నాకు దొరకదు.

సూర్యకాంతమ్మ


రాజమండ్రి,
14 ఆగస్టు 2003

అత్తయ్యా,

"నువ్వు తోలు, నేను వింటాను" అన్నప్పుడు నాకేదో బిరుదు ఇచ్చారని పొంగిపోయాను. ఆ మెట్టు దగ్గర నవ్వాపుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ ఆలోచిస్తే అది బిరుదు కాకపోలేదు. కనపడని మనిషి నన్ను నమ్మి పక్కన కూర్చున్నారు.

బండి మీద గుడ్డ తీసేశాను. ఆదివారం వస్తున్నాను. గోదావరి బ్రిడ్జి మీద భయం వేస్తే మీ గేదెల్ని తలుచుకుంటాను. ఇక ప్రతి ఆదివారం మీ చేపల చెరువు గట్టు మీద పాఠం. కుచ్చిళ్ళు పైకి దోపుకోవాలి. క్లచ్ మీద ఒట్టి పాదం పెట్టాలి. తిడతాను, ఏడవకూడదు.

మావయ్యగారు అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను. మీరు చెప్పుకోండి.

సత్య


ఉండి,
22 సెప్టెంబరు 2003

గురువుగారికి,

నిన్న నువ్వు వెళ్ళాక కూడా నా ఎడం కాలు క్లచ్ తొక్కుతూనే ఉంది. మూడో గేరు పడ్డాక బండి ఎంత హాయిగా పోయిందో! చేపలకి తవుడు వేసే పడవలో పనివాళ్ళు తెడ్డు ఆపేసి చూశారు. మొదటివారం బండి కప్పలా గెంతుతుంటే నవ్వింది కూడా వాళ్ళే. నవ్విన నాపచేనే పండుతుంది.

నాకు పట్టలేనంత సంతోషంగా ఉందే. ఇన్నేళ్ళూ చెట్లూ ఇళ్ళూ నా పక్కనుంచి వెనక్కి పోతుంటే చూశాను. అవి నాకు ఎదురు రావడం ఇప్పుడే చూస్తున్నాను.

మీ మావయ్యగారికి "సత్య ప్రాక్టీసు చేసుకుంటోంది" అనే చెప్తున్నాను. ఆయన చెరువు గట్టు మీది షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని వింటున్నారు. లైసెన్సు ఆఫీసువాళ్ళు పరీక్షకి వచ్చే నెల రమ్మన్నారు. లైసెన్సు చేతికొచ్చాక చెప్తాను. అప్పటిదాకా ముందు సీట్లో నా వాగుడు తప్పదు.

శిష్యురాలు


ఉండి,
5 నవంబరు 2003

సత్యమ్మా,

లైసెన్సు వచ్చింది. ఫొటోలో కోడిదొంగలా ఉన్నాను. దీపావళికి వచ్చి, బండి నా కోసం వదిలేసి బస్సెక్కావు చూడు, ఆ మేలు మరిచిపోను.

మొన్న చెరువులో చేపల పట్టుబడి. తెల్లారేసరికి లారీ వస్తుంది, గట్టు మీదుండాలి. బయట మంచు కమ్మేసింది. ఆయన మేకుకి వేలాడే అంబాసిడర్ తాళాలు తీసుకుని గుమ్మం దిగారు. నేను ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు. వెళ్ళి కారుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇవాళ నేను తోలతానండి" అన్నాను.

"ఏంటీ?"

"వినపడిందిగా."

మా పెళ్ళయ్యాక ఆయనకి అడ్డంగా నిలబడటం అదే మొదలు. అరుస్తారనుకున్నాను. అరిచినా జరగకూడదనుకున్నాను. ఆయన తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డారు. తర్వాత లోపలికి వెళ్ళి వాటిని మేకుకి తగిలించి వచ్చారు. నీ బండి బానెట్ తడుముకుంటూ చుట్టూ తిరిగి, ఎడం పక్క తలుపు తీసి, ఆ పొడుగు కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. "ఈ అగ్గిపెట్టెలో మనిషెలా కూచుంటాడే?" అన్నారు. నేను స్టార్ట్ చేశాక, "ఆగస్టు నించీ వింటన్నాను. సత్య క్లచ్చి అలా వదల్దు" అన్నారు.

మంచులో దారి చూసుకోవడమే సరిపోయింది. వంతెన దాటాక ఆయనే అన్నారు. "ఏంటి, ఇవాళ మాట్లాడవేంటి? దారిలో ఏం ఉన్నాయో చెప్పు."

సత్యా, ఆయనకి మొదట్నుంచీ తెలుసు.

కళ్ళు తుడుచుకుంటే దారి కనపడదని తుడుచుకోకుండానే చెప్పాను. పాలక్యాన్ల మోటార్‌సైకిలు, కల్లాపి జల్లుతున్న ఆడమనిషి, కాలవలో గుర్రపుడెక్క, పూసిన మునగచెట్టు. ఆయన "ఊఁ, ఇంకా?" అంటూనే ఉన్నారు. చెరువు వచ్చేసినా ఇంకా అంటున్నారు.

ఆసుపత్రి మాట మాత్రం ఇంకా ఎత్తలేదు. తొందరపెడితే మొదటికే మోసం వస్తుందేమోనని ఆగాను. రోజులు గడుస్తున్నాయి, గుండె పీకుతోంది.

ఇప్పుడు ఈయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరికి రాస్తున్నావని అడిగారు, నీకని చెప్పాను. కలం ఇమ్మంటున్నారు. ఇస్తున్నాను.

అమ్మా సత్యా,

గీతలు ఒకదాని మీద ఒకటి పడితే కూడబలుక్కుని చదువుకో. నాకు కళ్ళు కనపడటం లేదమ్మా. ఈ మాట మీ అత్త మొహం చూసి చెప్పలేక నీకు రాస్తున్నాను. ఆవిడ నా భుజం మీంచి చదువుతోంది. చదవనీ. ఆ కంటాసుపత్రిలో సోమవారానికి నా పేరు రాయించు. పొద్దున్నే బయల్దేరతాం. మీ అత్త తోలుతుంది.

మాధవరాజు